పిన్ని ట్రంపెట్టు మీది సొట్ట

నిన్న సాయంకాలం నేను చేసిన పనిని గురించి మా వీధివారు ఇంకా చెప్పుకొంటూనే ఉన్నారు. బడిలో తెలుగు చెప్పి చాలించుకొన్న ముసలిది, మోకాళ్ళ నొప్పులతో గేటు దాటడమే గగనమైన మనిషి, పెళ్ళి ఊరేగింపులోకి చొరబడి పాటలబండి జనరేటరు తీగను రెండు చేతులా పట్టి ఊడబెరికిందంటే ఎవరికైనా వింతే కదా. బండి తోలే కుర్రవాడు నోరు తెరిచి నిలబడిపోయి, "ఏం పనండీ మామ్మగారూ ఇది?" అన్నాడు. పక్కింటి కోడలు ఈ ఉదయం పాలు ఇవ్వడానికి వచ్చి, "ఒంట్లో బానే ఉందాండీ?" అని అడిగి, నా కళ్ళలోకి అనుమానంగా చూసి వెళ్ళింది.

ఒంట్లో బాగానే ఉంది. ఆ బండి మా ఇంటి ముందుకు వచ్చి ఆగినప్పుడు, హాలులో మేకుకు వ్రేలాడుతున్న పాత ట్రంపెట్టు తనంతట తాను జుమ్మని పలికింది. బండి మోతకు కిటికీ అద్దాలు అదరడం కొత్త కాదు గాని, ఆ ఇత్తడి పలకడం విని చాలా కాలమైంది. ఎందుకో లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాను. వీధిలో ముగ్గురు కుర్రవాళ్ళు ఒకణ్ణి క్రింద పడవేసి కొడుతున్నారు. పాట సాగుతోంది. చుట్టూ ఉన్నవారు ఎగురుతున్నారు. దెబ్బలు పాట తాళానికి సరిగ్గా పడుతున్నాయి.

అదే నేను తట్టుకోలేకపోయింది. ఎందుకో చెప్పాలంటే ఆ ట్రంపెట్టు సంగతి చెప్పాలి. అది మా పిన్నిది, అనగా మా అమ్మ చెల్లెలిది. ఉప్పెనకు ముందరి బందరు నాటి మాట.

మా తాతయ్య, అమ్మ తండ్రి, బ్యాండు మేళం నడిపేవాడు. చర్చి వెనుక సందులో మా ఇల్లు. మా నాన్న నన్ను పొత్తిళ్ళలో చూసి పోయినందున అమ్మా నేనూ అక్కడే ఉండేవాళ్ళం. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కున ఉంది. చింతపండు పులుసుతో తోమిన ఇత్తడి వాసన, మీటలకు రాసిన కొబ్బరినూనె వాసన, దండెం మీద ఆరవేసిన ఎర్రకోట్ల చెమట వాసన, వీటన్నిటి మీదుగా పొయ్యి మీద కాలుతున్న ఎండుచేపల వాసన. పెళ్ళిళ్ళలో మేళం వాళ్ళకు ఆఖరి బంతి. మిగిలిన బూరెలూ పులిహోరా విస్తరాకులో కట్టి తాతయ్య తెచ్చేవాడు. ఆ బూరెల్లో కూడా కొబ్బరినూనె వాసన వచ్చేది. మాకు అదే రుచి.

నిజానికి ఆ ట్రంపెట్టు మా మావయ్యది. మావయ్య జ్వరంతో పోయాడు. సమాధి దగ్గర కీర్తన ఎత్తుకొనేవాడు లేక మేళం దిక్కులు చూస్తుంటే, పరికిణీ కట్టుకొన్న మా పిన్ని శవపెట్టె మీదనున్న ట్రంపెట్టు తీసుకొని ఊదిందట. ఎవరూ నేర్పలేదు, విని పట్టింది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచాడని అమ్మ చెప్పేది. మట్టి పోయడం పూర్తయ్యాక తాతయ్య కొడుకు కోటును కూతురి భుజాల మీద వేశాడు. నాటి నుండి ఆమె మేళంలో మనిషి.

మా పిన్నిని సాధుమూర్తిగా తలచుకోలేను. ఆమె చెయ్యి ఊరకుండేది కాదు. ఒకనాడు నేను పీతపిల్లను తెచ్చి, చుట్ట చుట్టుకొని ఉండే పెద్ద బాకాలో వదిలాను. దానిని ఊదే లావుపాటి తాత మూడు మార్లు ఊది, కళ్ళు తేలవేసి, "అమ్మాయ్, ఇందులో దెయ్యం దూరిందే!" అన్నాడు. మేళమంతా నవ్వింది. పిన్ని నవ్వలేదు. నన్ను సందు చివర వరకు తరిమి పట్టుకొని చెంప పగులగొట్టింది. "ఊదేటప్పుడు అది పెదిమ కొరికితే? పెదిమ పోతే మాకింకేముందే? నీ తెలుగు పద్యాలు తింటామా?" అన్నది. సాయంత్రం బందరు లడ్డు సగం విరిచి నా చేతిలో పెట్టింది. లడ్డు తీపి, చెంప మంట, రెండూ ఒకేసారి తెలిశాయి.

నాగాయలంకలో ఒక పెళ్ళిలో తాగినవాడెవడో ఆమె జడ పట్టి లాగితే, కుడిచేత్తో ట్రంపెట్టు ఊదుతూనే ఎడమచేత్తో వాడి చెవి మెలిపెట్టి, చరణం పూర్తయ్యేదాకా వదలలేదు. వాడు మోకాళ్ళ మీద కూలబడి, "వదులు తల్లో, నీకు దణ్ణం పెడతా!" అని ఏడిచాడు. జనం ఆ కథను హంసలదీవి దాకా మోసుకుపోయారు. "ట్రంపెట్టు అమ్మాయి ఉంటేనే మేళం పంపండి" అని కబుర్లు రాసాగాయి.

ఆమెను మేళంలోనే క్లారినెట్టు ఊదే అతనికిచ్చి చేశారు. మాకు బాబాయి. చూడ ముచ్చటైన మనిషి. జేబులో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళలు ఉండేవి. నాకు మొదటి బిళ్ళ ఇచ్చినవాడు అతడే. పెళ్ళయిన వెంటనే గుడివాడకు మకాం మార్చి సొంత మేళం పెట్టాడు. పేరు అతనిది, జనం మాత్రం ఆమె కోసం వచ్చేవారు. అతడు క్లారినెట్టు ఎత్తగానే, "నువ్వాగవయ్యా, ఆవిణ్ణి ఊదనియ్యి!" అని కేకలు వేసేవారట. ఆ కేక వినబడిన ప్రతి రాత్రీ ఇంట్లో దెబ్బలే. అయితే మూతి మీద మాత్రం కొట్టేవాడు కాదు. ఆ మూతి తనకు అన్నం పెడుతున్నదన్న ఎరుక అతనికి ఉండేది. వీపు మీద, తొడల మీద, కోటు కప్పే చోట్లనే కొట్టేవాడు.

ఒక మధ్యాహ్నం పిన్ని గుడివాడ బస్సు దిగి వచ్చింది. చంకలో దిండుగలీబులో చుట్టిన ట్రంపెట్టు తప్ప వేరే సామాను లేదు. అమ్మ పెరట్లో ఆమెను బోర్లా పడుకోబెట్టి ఉప్పు కాపడం పెట్టింది. నన్ను లోపలికి పొమ్మన్నారు. నేను పోలేదు. ఆ వీపు చూచి, ఎవరో పలక మీద గీతలు గీసి సరిగా తుడవలేదనుకొన్నాను. వేడి ఉప్పు తగిలినప్పుడల్లా పిన్ని గుడ్డ కొరికింది గాని అరవలేదు.

వారం తిరగకుండానే బాబాయి వచ్చాడు. సంఘ పెద్దలిద్దరిని వెంటబెట్టుకొని వరండాలో కూర్చున్నాడు. అమ్మ టీ ఇచ్చింది. నాకు అలవాటుగా పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చాడు. నేను తీసుకొని తిన్నాను కూడా.

"కాపురమన్నాక మాటా మాటా వస్తాయమ్మా," అన్నారు పెద్దలలో ఒకరు. "సర్దుకుపోవాలి."

పిన్ని తలుపు వెనుక నుంచి, "మాటలైతే సర్దుకునేదాన్నేనండీ," అన్నది.

బాబాయి నవ్వాడు. "మావయ్యగారూ, మీ కూతురు నా మేళంలో ఉండబట్టి ట్రంపెట్టు. విడిగా ఊదమనండి, కుక్కలు కూడా రావు."

తన మేళాన్ని ఎవరైనా మాట అంటే తాతయ్యకు పౌరుషం. తెల్లని మీసం మెలివేశాడు. "అయితే ఎదురుపడినప్పుడు తేల్చుకుందాం అల్లుడూ. మా మేళం ముందాగితే అమ్మాయిని నేనే తీసుకొచ్చి నీ గుమ్మంలో దింపుతా. నీది ఆగితే ఈ గడప తొక్కకూడదు."

"మాటేనా?"

"మాటే."

పెద్దలిద్దరూ టీ గ్లాసుల అడుగు వైపు చూశారు. పిన్నిని ఎవరూ అడగలేదు.

ఇక్కడ మేళాల కట్టుబాటు ఒకటి చెప్పాలి. రెండు ఊరేగింపులు ఇరుకుదారిలో ఎదురుపడితే పెళ్ళివారు తగువులాడుకోరు, మేళాలు తేల్చుకొంటాయి. ఇరువైపులా ఎడతెగకుండా వాయించాలి. ఏది ముందు ఆగితే ఆ మేళం తమ బాకాల నోళ్ళు నేలకు దించి అంచుకు తప్పుకోవాలి. ఒకరు అలసితే మరొకరు అందుకోవచ్చు. ఒక్క బాకా పలుకుతున్నా మేళం ఆగినట్లు కాదు. అయితే పెద్ద డ్రమ్ము నిలిచిందంటే తక్కినవన్నీ తడబడి నిలుస్తాయి గనుక, ఆ డ్రమ్ము వాయించే తాతయ్య చేతులు ఏం జరిగినా ఆగేవి కావు. వానలో ఆగేవి కావు, సోడా సీసాలు గాలిలో ఎగిరిన పెళ్ళిలోనూ ఆగలేదు. అది ఆయన గర్వం.

ఆ కలయిక పెదపారుపూడి దాపుల ఒక కాలువ వంతెన మీద జరిగింది. మా చుట్టాలమ్మాయి పెళ్ళి అది. చర్చిలో పెళ్ళయిన తరువాత సాయంకాలం ఊరేగింపు. అమ్మ వంట సాయానికి వచ్చి, వంతెన క్రింది మెట్ల మీద కూర్చుని మేళం వాళ్ళకు వండవలసిన చేపలు శుభ్రం చేస్తోంది. నేను ప్రక్కన కూర్చుని పొలుసులు గోళ్ళతో ఏరి నీళ్ళలోకి విసురుతున్నాను. వేసవి నీరు బురదగా, చేపల రక్తంతో కలిసి ఎర్రగా పారుతోంది.

పైన మా మేళం వంతెన ఎక్కింది. అదే సమయానికి అవతలి గట్టు నుంచి రైతుల పెళ్ళివారి కారు వచ్చింది, ముందు గుడివాడ మేళం. అమ్మ చెయ్యి చేప మీద ఆగింది. "మీ బాబాయి మేళమే," అన్నది. వంతెన బండి పట్టేంత వెడల్పే. ఎవరో పెద్దరైతు గొంతు సరదాగా వినవచ్చింది. "కానివ్వండయ్యా! ఎవళ్ళ ఊపిరి ఎంతో చూద్దాం!"

మొదలైంది. వంతెన క్రింద ఉన్నందున నాకు రెండు మేళాలు విడివిడిగా వినబడలేదు. తాతయ్య డ్రమ్ము మాత్రం రాతి కమానులో నుంచి దిగి, మెట్లలో నుంచి నా తుంటి ఎముకలలోకి వచ్చింది. పొద్దు వాలింది. గ్యాసు దీపాలు వెలిగించారు. ట్రంపెట్టు గొంతు అన్నిటి మీదుగా, కాలువ మీద ఎగిరే కొంగలాగా తెల్లగా సాగుతూనే ఉంది. క్లారినెట్టు రెండుసార్లు దానిని అందుకోబోయి జారింది. జనం ఈలలు వేశారు. అప్పుడు ఆ పాత కేక మళ్ళీ వినబడింది: "నువ్వాగవయ్యా, ఆవిణ్ణి ఊదనియ్యి!"

క్లారినెట్టు ఆగిపోయింది. తక్కినవి సాగుతున్నాయి. జనంలో నవ్వు ఒకటి లేచింది. తరువాత ట్రంపెట్టు ఒక్కసారి కీచుమని, మళ్ళీ అందుకొన్నది. మళ్ళీ కీచుమన్నది.

అమ్మ లేచింది. చేతిలో చేపల కత్తి అలాగే ఉంది. నేను ఆమె చీర పట్టుకొని వెంట ఎక్కాను.

వంతెన నడుమ బాబాయి పిన్ని ఎదుట నిలిచి ఉన్నాడు. క్లారినెట్టు మరెవరికో ఇచ్చివేశాడు. పిడికిలి బిగించి మూతి మీద కొడుతున్నాడు. ఇన్నాళ్ళు కాపాడుకొన్న మూతి మీదనే. దెబ్బ పడ్డప్పుడల్లా ఇత్తడి మౌత్‌పీసు ఆమె పెదవిలోకి దిగుతోంది. ఆమె తల వెనుకకు పోతుంది, మళ్ళీ ముందుకు వస్తుంది, ఊదుతుంది. ఎర్రకోటు మీద రక్తం నలుపుగా కనబడింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. అది వేడుకలో భాగమనుకొన్నారు. "మొగుడూ పెళ్ళాల కచేరీరోయ్!" అని ఎవడో అరిచాడు. ఇరువైపులా మేళాలు ఆగలేదు, ఆగినవారు ఓడినట్లు కదా. తాతయ్య కళ్ళు గట్టిగా మూసుకొని డ్రమ్ము వాయిస్తున్నాడు. కన్నీళ్ళు మీసంలోకి కారుతున్నాయి. చేతులు మాత్రం ఆగలేదు. బాబాయి దెబ్బలు ఆ డ్రమ్ము తాళానికి సరిగ్గా పడుతున్నాయి.

"నాన్నా! ఆపు!" అని అమ్మ అరిచింది. ప్రక్కనున్న నాకే వినబడలేదు. నోరు తెరుచుకోవడం మాత్రం చూశాను. రెండోసారి అరవలేదు. నన్ను విదిలించుకొని వెళ్ళి, ఆ చేపల కత్తిని డ్రమ్ము తోలులో పిడి దాకా దించి, క్రిందికి చీల్చింది.

డ్రమ్ము నోరు విప్పినట్లయింది. తాళాలు తప్పాయి. బాకాలు ఒకటి వెంట ఒకటి తెగిపోయాయి. ఎదుటి మేళం కూడా ఏమైందో తెలియక తడబడి నిలిచింది. ఆ నిశ్శబ్దంలోకి, అప్పటికే లేచి ఉన్న బాబాయి చెయ్యి దిగింది.

ఆ చప్పుడు అందరూ విన్నారు. తడిసిన గుడ్డను బండ మీద బాదినట్లు ఉంది. దానితోపాటు చిన్నగా, పుల్ల విరిగినట్లు, పన్ను విరిగిన చప్పుడు. చప్పట్లు కొడుతున్న చేతులు గాలిలో అలాగే నిలిచాయి. "అయ్యో" అని ఒక ఆడగొంతు వినబడింది. అంతవరకు నవ్విన పెద్దరైతు, "అరే, నిజంగా కొడుతున్నాడ్రా!" అన్నాడు.

బాబాయి ఎగశ్వాసతో, "ఆగింది మీ మేళమే. పద ఇంటికి," అని పిన్ని జడ చేతికి చుట్టుకొన్నాడు.

పిన్ని తల వంచి ఉమ్మింది. రక్తంతో పాటు పన్ను రాళ్ళ మీద పడి దొర్లింది. తాతయ్య వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేను మరచిపోలేదు, వర్ణించనూ లేను. తరువాత ట్రంపెట్టు ఎత్తి, పగిలిన పెదవుల ఓరకు ఆనించి, ఒక్క స్వరం పట్టింది. అది పాట కాదు. బొంగురుపోయి, రక్తంలో గులగులలాడుతూ, వణుకుతూ, తెగకుండా సాగిన ఒక్క స్వరం. ఒక్క బాకా పలుకుతున్నంతవరకు మేళం ఆగినట్లు కాదు.

"ఊదండ్రా!" అని బాబాయి తనవాళ్ళ మీద అరిచాడు. ఎవరూ బాకా ఎత్తలేదు. అతని మేళంలోని ముసలాయన ఒకడు బాకా నోరు నెమ్మదిగా నేలకు దించాడు. ఆ వెనుక మరొకడు. బాబాయి పిన్ని జడ వదిలి వెళ్ళి ఆ ముసలాయనను చెంపదెబ్బ కొట్టాడు. ముసలాయన కదలలేదు. "కొట్టుకో నాయనా," అన్నాడు. "నేను మాత్రం ఊదను."

బాబాయి వెనుదిరిగి ట్రంపెట్టు లాగుకోబోయాడు. పిన్ని శ్వాస అయ్యేదాకా ఊది, అది అయిన తరువాత, రెండు చేతులా ఆ ట్రంపెట్టు ఎత్తి అతని తలపై ప్రక్కనుంచి కొట్టింది. గుమ్మడికాయ పగిలినట్లయింది. అతడు పిట్టగోడ మీదికి ఒరిగి, చెవి పట్టుకొని జారి కూర్చున్నాడు. జేబులోని పిప్పరమెంటు బిళ్ళలు వంతెన మీద చెల్లాచెదరయ్యాయి. వాటిని ఏరుకొందామని నాకు ఒక్క క్షణం అనిపించింది. బాల్యం అంత క్రూరమైనది.

రైతులు తమ కారును వెనుకకు తీయించారు. మా పెళ్ళికూతురు డ్రమ్ము లేని మేళం వెంట, ఏడుస్తూ, వంతెన దాటింది.

ఇంటికి వచ్చాక పిన్ని అమ్మ మీద విరుచుకుపడింది. వాచిన నోటితో మాట సరిగా రాకపోయినా, "నువ్వెందుకు చింపావే? గెలుస్తున్నాను కదా!" అని ఉమ్మురక్తంతో అరిచింది. అమ్మ ఆమె గడ్డం పట్టి పసుపు అద్దుతూ, "గెలిచి చచ్చేదానివి. నోర్మూసుకో, పసుపు అంటనీ," అన్నది.

మరునాటి ఉదయం తాతయ్య చిరిగిన డ్రమ్మును ఒడిలో పెట్టుకొని వరండాలో కూర్చున్నాడు. పిన్ని వచ్చి నిలబడింది.

"నేను ఆపితే నువ్వు వెళ్ళాల్సొచ్చేదమ్మా," అన్నాడాయన. "అందుకే..."

"వెళ్ళేదాన్ని కాదు నాన్నా," అన్నది పిన్ని. "మాటిచ్చింది నువ్వు. నేను కాదు."

ఆయన ఆ డ్రమ్ముకు కొత్త తోలు వేయించలేదు. మళ్ళీ వాయించనూ లేదు. మేళం వెళ్ళినప్పుడు గ్యాసు దీపం మోసేవాడు. కూతురు ముందు నడుస్తుంటే వెనుక దీపం పట్టుకొని నడిచేవాడు.

పిన్ని పెదవి కుట్లతో అతుక్కొన్నది గాని మునుపటి తెల్లని గొంతు తిరిగి రాలేదు. పెదవి ఓరతో ఊదడం నేర్చుకొన్నది. ఆ బొంగురు గొంతుకే దివిసీమంతా జనం విరగబడ్డారు. మేళం ఆమె చేతికి వచ్చిన తరువాత పాత కట్టుబాటుకు ఒక కొత్త మాట చేర్చింది: ఎవరి మీద ఎవరు చెయ్యి ఎత్తినా ముందు పెద్ద డ్రమ్ము ఆగాలి, ఓడినా సరే. ఆ కారణంగా ఎన్ని వంతెనల మీద ఓడిందో. ట్రంపెట్టు నోటి అంచున పడిన సొట్టను సాగగొట్టిస్తామని ఎందరు చెప్పినా ఒప్పుకోలేదు. బాబాయి మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ ప్రక్క చెవి అతనికి వినిపించడం లేదని గుడివాడ నుంచి వచ్చినవారు చెప్పేవారు.

తరువాత ఉప్పెన వచ్చి మేళంలో సగం మందిని తీసుకుపోయింది. మిగిలిన వారిని కాలం తీసుకుపోయింది. నేను భాషా ప్రవీణ చదివి, ముప్పై ఏళ్ళకు పైగా కావ్యాలలోని యుద్ధఘట్టాలు పాఠం చెప్పాను. భేరులు మ్రోగాయని, కాహళులు చెలరేగాయని కవులు ఎందుకు వ్రాశారో పిల్లలకు వివరించేటప్పుడు, వీరులకు ఉత్సాహం కలిగించడానికి అని పుస్తకంలో ఉన్నదే చెప్పేదాన్ని. నాకు తెలిసిన కారణం వేరు.

చివరి రోజులలో పిన్ని నా దగ్గరే ఉంది. ఒకనాడు పెసరట్టు తింటూ, ఉన్నట్టుండి అమ్మను తలచుకొన్నది. "మీ అమ్మ మీద అంత కోప్పడ్డాను గాని, ఒక్కటి నిజమే. అది చింపేదాకా నాక్కూడా దెబ్బ చప్పుడు వినపడలేదు. విన్నాకనే కదా, వాడి నెత్తి పగలగొట్టాలనిపించింది!" అని, పళ్ళు లేని నోటితో పడి పడి నవ్వింది. అమ్మ అప్పటికి లేదు, ఆ మాట వినడానికి.

నిన్న నేను తీగ ఊడబెరికినప్పుడు పాట గొంతు నొక్కినట్లు ఆగింది. పైకి లేచి ఉన్న ఒక కుర్రవాడి చెయ్యి ఆగలేక క్రిందివాడి చెంప మీద పడింది. ఆ చప్పుడు వీధి చివర దాకా వినబడింది. ఎగురుతున్నవారు ఎగరడం మానారు. కొట్టినవాడు, ఆ శబ్దం తనది కాదన్నట్లు, తన అరచెయ్యి వైపు చూసుకొన్నాడు.

నేను లోపలికి వచ్చి తలుపు వేసుకొన్నాను. మేకు మీద ట్రంపెట్టు ఇంకా సన్నగా కదులుతోంది. సొట్ట మీద చెయ్యి పెట్టి దానిని ఆపాను.